గడ్డి కుక్కిన గంటలు

ఇన్స్‌బ్రుక్ చుట్టూ ఉన్న కొండల్లో వేసవి వచ్చిందంటే పాట వినబడని చోటు వెతుక్కోవాలి. కోట ముంగిళ్ళలో వయొలిన్లు, చర్చిల్లో బృందగానాలు, ఎండుగడ్డి కొట్టాల్లో నాటకాలు. ఓ ఏడాది పక్క ఊరివాళ్ళు రాళ్ళ క్వారీలో నాటకం వేస్తే, రాజు వేషగాడు వేసిన కేకకు ప్రతిధ్వని మూడో రోజున తిరిగొచ్చింది. అప్పటికి రాజు ఇంట్లో కూర్చుని సూపులో రొట్టె ముంచుకుంటున్నాడు. తన కేకకు తనే బెదిరి చెంచా జారవిడిచాడు. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ చెంచా చూసుకోవచ్చు, ఇప్పటికీ వంకరగానే ఉంది.

ఇలా పాడేవాళ్ళకీ వాయించేవాళ్ళకీ గోడలనిండా బొమ్మలు వేస్తారు. మా గ్రీస్‌వాంగ్ ఊరి ఉత్సవంలో అందరికంటే కష్టమైన పని చేసిన మనిషికి మాత్రం ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క బొమ్మా పడలేదు. ఆమె పని కచేరీకి కావలసిన నిశ్శబ్దం సమకూర్చడం. పేరు బుర్గా.

బుర్గాకు అరవై తొమ్మిదేళ్ళు. పెనిమిటి కాసియన్ పోయి పంతొమ్మిదేళ్ళయింది. ఇంట్లో తను ఒక్కతే, కొట్టంలో బూడిదరంగు ఆవులు పధ్నాలుగు. మందను పిలిచిందంటే ఎదుటి కొండమీద మంచు జారిపడుతుందని అంటారు. అది అబద్ధం. జారిపడేది మంచు కాదు, కొండమీద నిద్రపోతున్న వేటగాళ్ళు. ఆవులన్నిటికీ ముందు నడిచే ఆవు పేరు దొరసాని. ఒక దొరసాని ముసలిదైతే ఆ పేరూ, బకెట్టంత గంటా తరవాతి ఆవుకు వస్తాయి. ఇప్పుడున్నది అయిదో దొరసాని.

కథ మొదలైంది రెండో దొరసాని కాలంలో. ఊరి కింద పచ్చికలో వేదిక కట్టి మొదటిసారి ఉత్సవం పెట్టారు. పట్నం నుంచి పేరున్న వయొలిన్ విద్వాంసుడొకడు వచ్చి, ఊపిరి తీసుకుంటే చెదిరిపోయేంత సన్నటి పాట అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎదుటి వాలులో మేస్తున్న దొరసాని మెడ విదిలించింది. వెనక పదమూడూ విదిలించాయి. విద్వాంసుడు కమాను పక్కన పెట్టి, పాట పూర్తయిందనుకుని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉత్సవం పెద్ద వాల్డ్‌నర్ గారు మెరిసే బూట్లతో పేడ తొక్కుకుంటూ బుర్గా వాకిట్లోకి వచ్చాడు.

“అమ్మా, కచేరీ ఉన్న సాయంత్రాల్లో మీ ఆవుల మెడలోని గంటలు కాసేపు తీసేస్తే మా వాయిద్యాలవాళ్ళు బతుకుతారు.”

“మీ వాయిద్యాలవాళ్ళ ప్యాంట్లు కాసేపు తీసేస్తారా? మా ఆవులకీ అంతే సిగ్గుంటుంది,” అంది బుర్గా.

ఆమె మాట వెనక న్యాయముంది. మా దగ్గర జూన్‌లో మెడకు కట్టిన గంటను సెప్టెంబరులో మంద ఇంటికి దిగాకే విప్పుతారు. మధ్యలో విప్పితే ఆవుకు చేటు అని పాతవాళ్ళ మాట. చేటు సంగతి ఎలా ఉన్నా, పొగమంచు కమ్మితే గంట లేని ఆవు ఏ లోయ అంచున ఉందో దేవుడిక్కూడా తెలియదు. పోనీ కొట్టంలో కట్టేద్దామంటే, వేసవిలో కట్టేసిన ఆవులు పధ్నాలుగూ ఒకే గొంతుతో అరిచాయి. ఆ అరుపులకు కచేరీ ఆగి, జనమంతా లేచి నిలబడ్డారు. ఏదో దేశపు జాతీయగీతమనుకున్నారు.

గంటలను మూగ చేయడానికి ఇంకో దారి ఉంది. ఎండుగడ్డి కుక్కితే నాలుక ఆడదు. కానీ ఆ మాట వాల్డ్‌నరూ ఎత్తలేదు, బుర్గా కూడా ఎత్తలేదు. మా లోయలో ఇంట్లో మనిషి పోయినప్పుడే గంటల్లో గడ్డి కుక్కుతారు. అలాంటి మంద ఏటా వేసే పూలదండలు లేకుండా, చప్పుడు లేకుండా కొండ దిగుతుంటే, దారిన పోయేవాళ్ళు ఎవరి ఇల్లో తెలియకపోయినా టోపీ తీసి నిలబడతారు.

అందుకని బుర్గా తనే ఒక ఉపాయం చేసింది. కచేరీ ఉన్న ప్రతి సాయంత్రం మందను కొండగట్టు దాటించి అవతలి పల్లానికి తోలుకుపోయేది. గంట నడక ఎక్కడానికి, గంట దిగడానికి. ఏడాదికి పన్నెండు కచేరీలు. ఆ నడకంతా సాగదీసి ఒకే దారిగా పరిస్తే రోముకు పోయి దణ్ణం పెట్టుకుని, మర్చిపోయిన గొడుగు కోసం మళ్ళీ పోయి రావచ్చు. ఎందుకు పోతావని ఎవరైనా అడిగితే, ఆవులకు అవతలి గడ్డి ఇష్టమని చెప్పేది.

అలా ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరంతా పాటలు విన్నది. బుర్గా ఒక్క పాటా వినలేదు.

ఆమె పక్కింటి మనిషి సెరాఫిన్. ఇళ్ళ కప్పులకు చెక్కపెంకులు చెక్కే వడ్రంగి, డెబ్భై నాలుగేళ్ళవాడు, ఊరి బ్యాండులో ఇత్తడి బూర వాయిస్తాడు. ఇంట్లో సాధన చేసేటప్పుడు తప్పు పోయిన చోట ఆపి, మళ్ళీ మొదటికి వస్తాడు. అందువల్ల గోడ ఇవతలున్న బుర్గాకు అతని తప్పులన్నీ కంఠతా వచ్చు. తప్పు తరవాత వచ్చే పాట మాత్రం తెలియదు. బ్యాండులో సెరాఫిన్ మీద ఒక్కటే ఫిర్యాదు: బూర మరీ గట్టిగా ఊదుతాడు. ముప్ఫై ఏళ్ళలో ఎంతమంది మారినా, బృందాన్ని నడిపిన ప్రతివాళ్ళూ అతనికి చెప్పింది అదే ముక్క. “మెల్లగా సెరాఫిన్, మెల్లగా. ఇది కొండలకు కాదు, మనుషులకు.” అతను తలాడించేవాడు, మళ్ళీ చర్చి కిటికీలు గలగలలాడేలా ఊదేవాడు.

వాళ్ళిద్దరూ నలభై ఏళ్ళుగా కంచెకు చెరోపక్క నిలబడి ఒకరినొకరు దెప్పుకుంటూ బతికారు. నీ పెంకులకంటే నా ఆవుల కొమ్ములు తిన్నగా ఉంటాయని ఆమె, నీ వెన్న కంటే నా జిగురు రుచిగా ఉంటుందని అతను.

పోయిన జనవరిలో బుర్గాకు మోకాలి ఆపరేషను చేశారు. ఆరు వారాలు పట్నంలో ఉండిపోయింది. ఎవరూ అడక్కుండానే సెరాఫిన్ రోజుకు రెండుపూటలా పధ్నాలుగు ఆవులకూ పాలు పితికి, పేడ ఎత్తి, మేత వేశాడు. గడపలో మంచు నడుం లోతున పడితే పార పట్టి బాట చేశాడు. బుర్గా తిరిగొచ్చిన రోజున చెంబు ఆమె చేతికిచ్చి, నీ ఆవులకు మర్యాద తెలియదు అన్నాడు. కృతజ్ఞత చెప్పాలని దారి పొడుగునా మాటలు కూర్చుకుని వచ్చిన బుర్గా, నోరు తెరిచి అన్నది మాత్రం ఒకటే.

“దొరసాని చిక్కిపోయింది.”

ఆ ముక్క అన్న క్షణం నుంచీ అనాల్సిన ముక్క ఆమె గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. వసంతం పోయింది, గడ్డి మొదటి కోత అయిపోయింది, ముల్లు అలాగే ఉంది.

ఇంతలో తెలిసింది, ఈ వేసవి ఆఖరి కచేరీలో పట్నపు వయొలిన్లతో కలిసి మా ఊరి బ్యాండు వాయిస్తుందనీ, చివరి పాటలో అందరూ ఆగి సెరాఫిన్ బూర ఒక్కటే పదహారు ఆవర్తాలు మోగుతుందనీ. ఇంకోటి కూడా తెలిసింది. శీతాకాలం రాకముందే అతని ముందుపళ్ళు రెండూ పీకేస్తారట. బూర ఊదేవాడికి ముందుపళ్ళు పోతే వడ్రంగికి చేతులు పోయినట్టే. అంటే ఇదే ఆఖరు. బుర్గా నిశ్చయించుకుంది: నోటితో చెప్పలేకపోయినా, వెళ్ళి ముందు కూర్చుని వింటాను. అతను చూస్తాడు. అంతకంటే చెప్పేదేముంది.

అడ్డం ఒక్కటే. ఆవులు.

మోకాలు కోయించుకున్న ఏడాది కాబట్టి, మిగతా పదకొండు కచేరీలకూ ఊరి అగ్నిమాపక దళంవాళ్ళు వంతులేసుకుని మందను గట్టు దాటించారు. కొత్త మనుషులతో ఆవులెలా ఉన్నాయోనన్న బెంగతో బుర్గా గట్టువైపే చూస్తూ కూర్చునేది, ఒక్క పాటా చెవికెక్కలేదు. ఆఖరి ఆదివారం మాత్రం దళంలో ప్రతివాడి నోట్లోనూ ఏదో ఒక బూర ఉంటుంది. గట్టు ఎక్కితే మోకాలు పోతుంది, ఎక్కకపోతే పాట పోతుంది. ఆ మధ్యాహ్నం బుర్గా దొంగలా అటూ ఇటూ చూసి, ఎండుగడ్డి పిడికిళ్ళు చేసి, పధ్నాలుగు గంటల్లోనూ కుక్కింది. మందను వాగు పక్క చెట్ల గుబురులోకి తోలి, చుట్టూ కరెంటు తీగ కట్టింది. అక్కడైతే ఎవరికీ కనబడవు. కచేరీ వేళ గంటలు వినబడకపోవడం ఊరికి ముప్ఫై ఏళ్ళ అలవాటే, ఎవరికీ అనుమానం రాదు. ఇంటికొచ్చి కాసియన్ పటంతో, తిట్టకు, పొద్దు వాలేలోగా తీసేస్తాను అని చెప్పింది. దొరసాని ముఖం మాత్రం గడ్డి కుక్కినప్పుడే మాడిపోయింది.

నల్ల పట్టు గౌనూ, ఎప్పుడో ఎవరో ఇచ్చిన పెద్ద అంచు టోపీ తొడుక్కుని బుర్గా మూడో వరుస చివర కూర్చుంది. ఊళ్ళో ఒక్కరూ ఆమెను గుర్తుపట్టలేదు. ఆవులు లేకుండా బుర్గాను చూసినవాళ్ళు ఎవరున్నారు గనక. పక్కన కూర్చున్న రొట్టెలావిడ, తనకు నలభై ఏళ్ళుగా రొట్టె అమ్ముతున్నదే, ఎంతో మర్యాదగా మీదే ఊరండీ అని అడిగింది. వియన్నా అని చెప్పింది బుర్గా. మీ వియన్నావాళ్ళ రంగే వేరండీ అని ఆవిడ మెచ్చుకుంది.

అయిదింటికి మొదలైంది. వయొలిన్లు లేచినప్పుడు బుర్గాకు ఒళ్ళు ఝల్లుమంది. కొండ అవతల కూర్చుని తాను మేపింది ఆవుల్ని కాదు, దీన్నన్నమాట, అనుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. రెండో పాట, మూడో పాట అయ్యాయి. వేదికమీద వెనక వరుసలో, ఈకల టోపీ పెట్టుకుని సెరాఫిన్ పెదాలు తడుపుకుంటున్నాడు.

ఆఖరి పాట సగంలో ఉండగా బ్యాండువాళ్ళ ముఖాలు మారాయి. ముందు పెద్ద బాకా వాయించే ఆయన జనం తలలమీదుగా ఎటో చూశాడు. చూసి, వాయిస్తూనే ఒక చేత్తో టోపీ తీశాడు. పక్కవాడూ తీశాడు. టోపీలు ఒకటొకటే దిగిపోయాయి. పాటలో ఇదో భాగం కాబోలని, ఎంత బాగుందోనని బుర్గా మురిసింది. అప్పుడు సెరాఫిన్ లేచాడు. ఇదే, ఇప్పుడే అనుకుని ఆమె కుర్చీ అంచుకు జరిగింది.

సెరాఫిన్ వాయించలేదు. బూర చేత్తో పట్టుకునే వేదిక దిగాడు. మూడో వరుస పక్కనుంచే, ఆమె టోపీ అంచు తగిలేంత దగ్గరగా, పిండి పులిమినట్టున్న ముఖంతో నడిచిపోయాడు. ఆమెను చూడలేదు. బుర్గా వెనక్కి తిరిగి చూసింది.

ఎదుటి వాలులో, నడినెత్తిన ఎండ కొట్టినట్టు అందరికీ కనబడేలా, పధ్నాలుగు ఆవులు మేస్తున్నాయి. కరెంటు తీగకు భయపడే ఆవు దొరసాని ఎలా అవుతుంది. తెంపుకుని, మిగతావాటిని వెంటేసుకుని వచ్చేసింది. గంటల్లోంచి గడ్డిపోచలు గడ్డాల్లా వేలాడుతున్నాయి. చప్పుడు లేదు.

గడ్డి కుక్కిన మంద. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే మనిషి. అప్పుడు తెలిసింది బుర్గాకు, తాను చచ్చిపోయానని.

ఆమె లేచింది. రొట్టెలావిడ కాళ్ళు తొక్కుకుంటూ బయటపడి, కొత్త మోకాలిని ఈడ్చుకుంటూ పచ్చికకు అడ్డంపడి నడిచింది. సెరాఫిన్ ఎందుకు వెళ్ళాడో ఆమెకు తెలుసు. మా దగ్గర యజమాని పోతే, దగ్గరి పొరుగువాడు ముందుగా వెళ్ళి ఆ మాట పశువులకు చెప్పాలి. చెప్పకపోతే పాలు ఎండిపోతాయి, మంద చెదిరిపోతుంది. పొరుగింటి చావు కంటబడ్డాక చేతిలో పని ముగించుకుని పోదాం అనుకునేవాడు మా లోయలో ఇంకా పుట్టలేదు. అది పదహారు ఆవర్తాల పని అయినా, బతుకులో ఆఖరిదైనా.

వేదికమీద బృందాన్ని నడిపిస్తున్నావిడ నిజంగానే వియన్నా మనిషి, ఆవిడకు ఇవేం తెలియవు. బూర కోసం వయొలిన్లవాళ్ళందరూ ఒకే స్వరం పట్టుకుని ఆగాలి. ఆగారు. ఎంతసేపు ఆగారంటే వాళ్ళలో ఇద్దరికి గడ్డాలు పెరిగాయి, అందులో ఒకరు ఆడమనిషి.

బుర్గా గడ్డికొట్టం మూల దాకా వచ్చి ఊపిరి అందక కంచె పట్టుకుంది. ఇరవై అడుగుల దూరంలో సెరాఫిన్ దొరసాని ఎదుట టోపీ లేకుండా నిలబడి ఉన్నాడు. వీపు ఇటువైపు.

“దొరసానీ, మీ బుర్గా పోయింది. చెప్పడం నా వంతు, చెప్పాను. పొద్దున్న కూడా కంచె దగ్గర నా చొక్కా గుండీ ఊడిందని వెక్కిరించింది. అప్పుడే పోతుందని ఎవరనుకుంటారు.” దొరసాని మెడమీద చెయ్యి వేశాడు. “నన్ను ఒక్కనాడూ మెచ్చుకోలేదు. నేనూ మెచ్చుకోలేదనుకో. మీరంతా ఆవిడతో గట్టు అవతల ఉంటారు కదా, ఆవిడకు వినబడాలనే నేను అంత గట్టిగా ఊదేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు తిట్లు తిన్నాను. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. ఈసారి గట్టు అడ్డం లేదులే.”

బూర ఎత్తి వాయించాడు.

గోడ అవతల విన్న తప్పులన్నీ బుర్గాకు తెలుసు. ఒక్కొక్కటీ వస్తుందని ఎదురుచూసింది. ఒక్కటీ రాలేదు. ప్రతిసారీ అతను ఆగిపోయే చోట పాట ఆగలేదు, మెలిక తిరిగి పైకి పోయింది, ఆ పైన ఏముందో ఆమె మొదటిసారి విన్నది. కింద పచ్చికలో ఆ వయొలిన్లు బూర అడుగున మెల్లగా చేరాయి. కొండమీంచి బూర, కింద నుంచి తీగలు. జనంలో ఒక్కరు దగ్గితే ఒట్టు. ఆవులు కూడా మేత ఆపాయి. ఇది మాత్రం కోతలు కోయడం కాదు.

పదహారు ఆవర్తాలూ అయ్యాయి. కింద నుంచి చప్పట్లు వానలా లేచాయి. సెరాఫిన్ పట్టించుకోలేదు. ముక్కు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు.

కంచె అవతల పట్టు గౌనులో, పక్కకు ఒరిగిన టోపీతో బుర్గా నిలబడి ఉంది. అతను ఒక అడుగు వెనక్కి వేసి దొరసానికి ఆనుకున్నాడు.

“చచ్చిపోయావు కదా.”

“చచ్చే వచ్చాను. నీ పాట వినమని పైనుంచి సెలవిచ్చారు.”

అతను ఆమెను కింద నుంచి పైదాకా చూశాడు, కాళ్ళ దగ్గర కాసేపు ఎక్కువ చూశాడు, దెయ్యాలకు పాదాలుండవంటారు గనక.

“గంటల్లో గడ్డి ఎందుకు కుక్కావు మరి?”

“నీ పాట వినాలని. మోకాలితో గట్టెక్కలేనుగా.”

“దానికోసం చావుగడ్డి కుక్కావా? బుద్ధుందా నీకు? కచేరీకి వచ్చే మనిషి చెప్పి చావొద్దూ.” అరుస్తూనే కంచె దగ్గరికి వచ్చాడు. వచ్చాక గొంతు తగ్గింది. “ఇన్నేళ్ళూ నేను ఊదింది గట్టు అవతలికి వినబడేదా?”

బుర్గా అబద్ధం ఆడదామనుకుంది. నోరు రాలేదు.

“లేదయ్యా. మెడల్లో పధ్నాలుగు మోగుతుంటే ఏం వినబడుతుంది.”

సెరాఫిన్ కాసేపు ఆమె ముఖంలోకి చూసి నవ్వడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ళ తిట్లూ గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. బుర్గా కూడా కంచె పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో ఎక్కడో గొంతులోని ముల్లు కదిలింది.

“సెరాఫిన్, దొరసాని చిక్కలేదు,” అంది. “ఆ రోజు అబద్ధం చెప్పాను. ఆరు వారాలు నా ఇల్లు నిలబెట్టావు. దేవుడే తీర్చాలి నీ రుణం.”

మా దగ్గర ఈ మాట ఊరికే అనరు. అంటే బదులు కూడా ఒకటే ఉంటుంది. సెరాఫిన్ బూరను చంకలోకి మార్చుకున్నాడు.

“దేవుడు నిన్ను చల్లగా చూడాలి,” అన్నాడు. వెంటనే, అంత మెత్తగా అన్నందుకు సిగ్గేసి, “నీ ఆవు నా వీపంతా నాకేసింది,” అని చేర్చాడు.

ఇద్దరూ కలిసి ఆవుల మధ్యకు వెళ్ళి గంటల్లోంచి గడ్డి లాగారు. దొరసాని గంట విడవగానే అది తల విదిలించి తన కోపమంతా మోగించింది. తరవాత మిగతావి. కింద బ్యాండులో బాకా ఆయన ముందుగా అర్థం చేసుకుని టోపీ గాల్లోకి విసిరాడు. అది ఇప్పటికీ దొరకలేదు. ఆ మధ్య ఇటలీలో ఎవరో పెట్టుకుని తిరుగుతున్నారని తెలిసింది.

మర్నాడు వాల్డ్‌నర్ గారు పత్రిక పట్టుకుని వచ్చాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మెరుపు తగ్గని ఆ బూట్లతోనే. కొండమీద బూర పెట్టించిన ఆలోచనా, ఎదుట మూగమందను నిలబెట్టిన ఆలోచనా అద్భుతమని రాశారట. వచ్చే ఏడాది కూడా అచ్చం అలాగే చేయగలమా అని అడిగాడు.

“అంటే నేను ఏటేటా చావాలన్నమాట,” అంది బుర్గా. “రెండోసారికే ఊళ్ళో ఎవరూ నమ్మరు వాల్డ్‌నర్ గారూ. నిజంగా పోయిన రోజున ఎవరూ టోపీ తియ్యకపోతే నాకు నామోషీ.”

ఆయన వెళ్ళేముందు, రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మొదటిసారి ఆమెకు తలవంచి దణ్ణం పెట్టాడు. మూడో వరుస చివరి కుర్చీ ఇకనుంచి మీదే అన్నాడు.

శరదృతువులో సెరాఫిన్ పళ్ళు పోయాయి. మరుసటి వేసవి మొదటి కచేరీ సాయంత్రం బుర్గా పట్టు గౌను తొడుక్కుంటుంటే వాకిట్లో గంటల చప్పుడయింది. సెరాఫిన్ కర్ర పట్టుకుని, చంకన రొట్టె మూటతో, దొరసానిని బతిమాలుతూ మందను గట్టువైపు తోలుతున్నాడు. బుర్గా వద్దనబోయింది. అతను వెనక్కి తిరగకుండానే, బూర లేనివాడికి అక్కడ కూర్చుని ఏం పని, నువ్వు పో, అన్నాడు.

ఆ వేసవి పన్నెండు కచేరీలూ బుర్గా విన్నది. ఒక్కోసారి పాట వింటూ, ఇంతసేపూ ఆవుల గంట ఒక్కటీ వినబడలేదని గుర్తొచ్చి, గట్టువైపు చూసి టోపీ సర్దుకునేది. కచేరీ అయ్యాక కంచె దగ్గర చల్లటి మజ్జిగ పెట్టుకుని కూర్చునేది. మంద దిగి రాగానే, సెరాఫిన్ మజ్జిగ తాగుతుంటే, ఆ రోజు వాయించినవన్నీ ఒకటొకటే పాడి వినిపించేది. వేటగాళ్ళను కొండమీంచి దొర్లించే ఆ గొంతుతోనే, వయొలిన్లూ తనే, బాకాలూ తనే.

“నీ బదులు వచ్చినవాడు బూర ఎలా ఊదాడో తెలుసా,” అని ఊదినట్టు చూపించేది. “మెల్లగా ఊదాడు పాపం. అందరూ మెచ్చుకున్నారు.”

“గట్టు అవతలికి ఒక్క ముక్క వినబడలేదు,” అనేవాడు సెరాఫిన్, మూతికంటిన మజ్జిగ తుడుచుకుని. “ఏదీ, ఆ చివరిది మళ్ళీ పాడు. గట్టిగా.”